మనకి సెలవు, వాళ్లకి బడి: థీమ్ పార్కుకి వెళ్లే కాలం మీద సందేహాలు - సమాధానాలు

ఎండలు ముదిరే కొద్దీ ఈ శీర్షికకి వచ్చే ఉత్తరాల్లో పార్కుల గోల ఎక్కువవుతుంది. అందరిదీ ఒకటే ప్రశ్న: ఏ నెలలో వెళ్లాలి? నెల కన్నా ముందు చూసుకోవాల్సింది ఇంకొకటుంది. ఆ పార్కు ఉన్న ఊళ్లో పిల్లలకి ఆ రోజు బడి ఉందా, లేదా? ఎండకి గొడుగుంది, వానకి చూరుంది. సెలవు రోజు జనానికి మాత్రం విరుగుడు లేదు.

సందేహం: మాకు ఇద్దరు పిల్లలు. ఒకడికి పదమూడు, చిన్నదానికి ఎనిమిది. హైదరాబాద్ వండర్‌లాకి తీసుకెళ్లమని ఒకటే పోరు. మే నెల ఎండల్లో నీళ్లలో ఆడితే హాయిగా ఉంటుందని మావారి వాదన. ఆ ఎండలో క్యూలో నిలబడటం నావల్ల కాదు. ఎవరిది సబబు?
– ఒక గృహిణి, ఖమ్మం

సమాధానం: నీళ్ల విషయంలో ఆయనది, క్యూ విషయంలో మీది. చిక్కేమిటంటే, మీవారికి వచ్చిన ఆలోచనే మే నెలలో రెండు రాష్ట్రాల్లోని నాన్నలందరికీ వస్తుంది.

క్యూ ఎందుకు కదలదో లెక్క చూడండి. ఒక రోలర్ కోస్టర్ బండిలో ఇరవై సీట్లున్నాయనుకుందాం. ఎక్కించి, బెల్టులు బిగించి, తిప్పి, దించడానికి మూడు నిమిషాలు. గంటకి నాలుగు వందల మంది. మీ ముందు ఎనిమిది వందల మంది ఉంటే రెండు గంటలు నిలబడాలి. మేనేజర్‌ని తిట్టుకున్నా ఈ లెక్క మారదు. నీటి జారుడు రైడ్ల దగ్గర ఇంకో బాధ. మెట్ల మీద చెప్పుల్లేకుండా ఎండలో నిలబడాలి. మే నెల మధ్యాహ్నం ఆ సిమెంటు మెట్లు ఎలా కాలుతాయో చెప్పక్కర్లేదు.

హైదరాబాద్ పార్కులకి నా ఓటు ఫిబ్రవరికి. పగలు నీళ్లలో దిగేంత వెచ్చగా ఉంటుంది, మాడిపోయేంత ఎండ ఉండదు. ఇంటర్ ప్రాక్టికల్స్, పదో తరగతి ప్రీఫైనల్స్ హడావిడిలో చాలా ఇళ్లు పుస్తకాల మీదే ఉంటాయి. శివరాత్రి, శని ఆదివారాలు తప్పించి మంగళవారమో బుధవారమో వెళితే రోలర్ కోస్టర్ రెండోసారి కూడా ఎక్కొచ్చు. మరి బడి? ఎనిమిదేళ్ల పిల్ల ఒక్క రోజు మానేస్తే కొంప మునగదు. పదమూడేళ్లవాడికి ఆ రోజు యూనిట్ టెస్టు లేకుండా చూసుకోండి. మాష్టార్లు నన్ను తిట్టుకున్నా సరే, నా అభిప్రాయం ఇదే.

ఫిబ్రవరి కుదరకపోతే జూన్ మూడో వారం నుంచి జూలై దాకా. బడులు అప్పుడే తెరుస్తారు కనుక స్కూలు పిక్నిక్కుల బెడద ఉండదు, ఆకాశం మబ్బు పట్టి ఉంటుంది. నవంబరు నుంచి సంక్రాంతి ముందు దాకా మాత్రం వాతావరణం చూసి మోసపోకండి. వారం మధ్యలో ఖాళీగా ఉంటుందనే సూత్రం ఆ రోజుల్లో పనిచేయదు. పార్కింగ్‌లో పసుపు బస్సులు బారులు తీరి ఉంటాయి. పైగా సాయంత్రం నాలుగు దాటితే తడి బట్టల్లో పిల్లలు వణుకుతారు.

అయినా మే నెలే అంటారా? మంగళ, బుధ, గురువారాల్లో ఒకటి ఎంచుకోండి. గేటు తెరిచేసరికి అక్కడుండండి. వండర్‌లా ఉన్న రావిర్యాల ఔటర్ రింగ్ రోడ్డు పక్కనే కనుక మీరు నగరంలోకి దూరక్కర్లేదు. మొదటి గంటన్నరలో పెద్ద డ్రై రైడ్లు కానిచ్చేయండి. అందరూ భోజనానికి లేచే ముందే తినేయండి. నీళ్లలోకి మూడు దాటాక దిగండి. ఎండ వాలుతుంది, పొద్దుటి నుంచీ నానినవాళ్లు బయటికి వస్తుంటారు. కాటన్ బట్టలతో నీళ్లలోకి రానివ్వరు. నైలాన్ దుస్తులు ఇంటి దగ్గరే కొనుక్కోండి, అక్కడ కొంటే జేబుకి బరువు. ఇంకో మాట. పెద్ద రైడ్ల దగ్గర పిల్లల ఎత్తు కొలుస్తారు. చిన్నదాన్ని ఇంట్లోనే గోడకి నిలబెట్టి కొలిచి, పార్కు వాళ్లు పెట్టిన హద్దుతో సరిచూసి, ఎక్కలేనివి ఏవో ముందే చెప్పండి. అన్నయ్య ఎక్కి తను ఎక్కలేకపోతే ఆ రోజంతా ఏడుపే.

సందేహం: మాకు హైదరాబాద్ కన్నా బెంగళూరు దగ్గర. పిల్లల వేసవి సెలవుల్లోనే వెళ్లాలి, వేరే దారి లేదు. ఆ నెలన్నరలో మంచి రోజులంటూ ఉన్నాయా?
– ఒక చిరుద్యోగి, అనంతపురం

సమాధానం: ఉన్నాయి. ఆంధ్ర పిల్లలకి దక్కిన వరం అది, చాలామందికి తెలియదు. కర్ణాటకలో వేసవి సెలవులు మనకన్నా ముందే, ఏప్రిల్ రెండో వారంలో మొదలై మే నెలాఖరుకి ముగుస్తాయి. మన బడులు తెరిచేది జూన్ 12 ప్రాంతంలో. అంటే జూన్ 1 నుంచి 11 దాకా మీ పిల్లలకి సెలవు, బెంగళూరు పిల్లలకి బడి. కొత్త పుస్తకాలకి అట్టలు వేసుకునే ఆ వారాల్లో అక్కడివాళ్లెవరూ పార్కు మొహం చూడరు. శని ఆదివారాలు వదిలేసి ఆ పదకొండు రోజుల్లో వెళ్లండి.

బిడది దగ్గరి వండర్‌లా మైసూరు రోడ్డులో ఉంది. మీరు బళ్లారి రోడ్డు మీదుగా ఊరికి ఉత్తరం నుంచి వస్తారు, అదేమో నైరుతి మూల. పొద్దున్నే బయల్దేరి అదే రోజు చేరి ఆడదామనుకుంటే బెంగళూరు ట్రాఫిక్కే సగం రోజు మింగేస్తుంది. ముందు రోజు రాత్రికే ఊరు దాటి అటువైపు దిగండి. బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి అనంతపురం ఎండ అక్కడుండదు. కానీ మే, జూన్ సాయంత్రాల్లో ఉరుములతో వాన పడుతుంది. పొద్దుటి పూటని వృథా చేయకండి.

అన్నట్టు, ఈ కిటుకు కొచ్చి వండర్‌లాకి పనికిరాదు. కేరళలోనూ జూన్ మొదట్లోనే బడులు తెరుస్తారు గానీ, వానాకాలం కూడా సరిగ్గా అప్పుడే దిగుతుంది.

సందేహం: నేను రిటైర్డ్ టీచర్ని. మనవలు సంక్రాంతికి వస్తున్నారు. వాళ్లని రామోజీ ఫిల్మ్ సిటీకి తీసుకెళ్దామని ఉంది. మా ఆవిడకి మోకాళ్ల నొప్పులు. పండగ రోజుల్లో ఆ హైవే మీద నరకమంటున్నారు. మానుకోమంటారా?
– ఒక తాతయ్య, గుంటూరు

సమాధానం: మానుకోకండి మాష్టారూ. ఆ నరకం మీ దిక్కున లేదు. పండగ ముందు హైదరాబాద్ ఖాళీ అయి కోస్తా వైపు వస్తుంది. పంతంగి టోల్ దగ్గర బారులు తీరే కార్లన్నీ విజయవాడ వైపు ముఖం పెట్టినవే. మీరు ఎదురు దిశలో వెళ్తారు. తిరుగు ప్రయాణం పండగ తర్వాత పెట్టుకుంటే, అప్పుడు జనమంతా హైదరాబాద్ వైపు పోతుంటారు, మీరు ఇటు వస్తారు. ఇంకో వెసులుబాటు: అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గరున్న ఆ ఫిల్మ్ సిటీ విజయవాడ నుంచి వచ్చేవాళ్లకి హైదరాబాద్‌కి ముందే తగులుతుంది. ఎల్బీనగర్ కూడలిలో ఇరుక్కునే పని లేదు.

అయితే రోడ్డు ఖాళీగా ఉన్నంత మాత్రాన లోపల ఖాళీ ఉండదు. ఊరెళ్లని హైదరాబాదీలందరికీ అవి సెలవులే, శీతకాలపు ఉత్సవాల సందడి కూడా ఆ రోజుల్లోనే. మనవల సెలవులు భోగికి ముందే మొదలైతే ఆ తొలి రోజుల్లోనే, పని దినం చూసి వెళ్లిరండి. పండగ రద్దీ రోడ్డెక్కక ముందే ఇంటికొచ్చేయండి. అందరూ పండక్కి ఊరొస్తుంటే మీరు గుంటూరు వదిలిపోవడం ఏం బాగుంటుంది?

చలికాలమే ఆ చోటికి సరైన కాలం. 1996లో మొదలైన ఆ ఫిల్మ్ సిటీలో చూడాల్సినవి చాలావరకు ఆరుబయట ఉన్నాయి: తోటలు, వీధుల సెట్లు, బాహుబలి సెట్టు. బస్సులో తిప్పుతారు గానీ దిగి నడవాల్సింది చాలా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో మోకాళ్ల నొప్పులున్న మనిషిని అక్కడికి తీసుకెళ్లడం పాపం. జనవరిలో అయినా అమ్మగారిని అన్నీ చూడమని బలవంతపెట్టకండి. కూర్చుని చూసే షోలు ఏ వేళకి ఉన్నాయో లోపలికి వెళ్లగానే రాసుకుని, వాటి చుట్టూ రోజుని అల్లుకోండి. చక్రాల కుర్చీ సంగతి టికెట్ కొనేటప్పుడే అడగండి, మొహమాటపడకండి. చీకటి పడ్డాక దీపాలు చూడాలనుకుంటే శాలువా, పిల్లలకి స్వెటర్లు తప్పనిసరి. ఊరి బయట ఆరుబయలు, డిసెంబరు, జనవరి రాత్రుల్లో చలి కొరుకుతుంది.

సందేహం: మా అబ్బాయి న్యూజెర్సీలో ఉంటాడు. ఇద్దరు మనవరాళ్లు, పెద్దది మూడో తరగతి. జూన్‌లో వెళ్లి ఆరు నెలలు ఉంటాం. ఫ్లోరిడాలోని డిస్నీకి తీసుకెళ్తానంటున్నాడు. జూలై అని వాడు, దీపావళి అయ్యాక అని కోడలు, తుపాన్ల భయం అని నేను.
– ఒక బామ్మ, రాజమహేంద్రవరం

సమాధానం: అమ్మా, ముగ్గురికీ నచ్చని రోజులు చెబుతాను, వినండి. ఆగస్టు చివరి పది రోజులు.

అమెరికాలో బడులన్నీ ఒకేసారి తెరవరు. ఫ్లోరిడాలో ఆగస్టు రెండో వారానికల్లా పిల్లలు తరగతుల్లో ఉంటారు. టెక్సాస్ వాళ్లు కూడా ఆ నెలలోనే మొదలుపెడతారు. న్యూజెర్సీలో మాత్రం సాధారణంగా లేబర్ డే దాటాకే, అంటే సెప్టెంబరు మొదటి సోమవారం తర్వాతే. ఆ మధ్య రోజుల్లో మీ మనవరాళ్లకి సెలవు, చాలామందికి బడి. డిస్నీ వాళ్లు తేదీని బట్టి టికెట్ ధర మారుస్తారు. ఆగస్టు చివర్లో, సెప్టెంబరులో ఆ ధర తగ్గుతుంది. ఎందుకు తగ్గించారో అక్కడ దిగిన మొదటి రోజు మధ్యాహ్నమే తెలుస్తుంది లెండి. కాకినాడ ఉక్కపోతే. ఫ్లోరిడాకి ఒకవైపు అట్లాంటిక్, ఇంకోవైపు గల్ఫ్. రెండు వైపుల నుంచీ వచ్చే సముద్రపు గాలులు మధ్యలో ఢీకొని, జూన్ నుంచి సెప్టెంబరు దాకా మధ్యాహ్నాల్లో ఉరుములు మెరుపులతో వాన కురిపిస్తాయి. డిస్నీ ఉన్న ఓర్లాండో ఆ మధ్యలోనే ఉంది. వాన వచ్చిందంటే బయటి రైడ్లు ఆగిపోతాయి. అందుకని గేటు తెరిచినప్పటి నుంచి మధ్యాహ్నం దాకా బయటివి చూసి, తర్వాత హోటల్‌కి వెళ్లి నడుం వాల్చి, సాయంత్రం మళ్లీ రండి. జూలైలోనూ ఇదే ఎండ, ఇదే వాన, పైన జనం అదనం.

మీ తుపాను భయం ఉత్తదేం కాదు. అక్కడ హరికేన్ల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా. ఆగస్టు మధ్య నుంచి అక్టోబరు దాకా ముదురు. 2024 అక్టోబరులో మిల్టన్ వచ్చినప్పుడు డిస్నీ పార్కులు మూసేశారు. అలాగని ప్రతి ఏడూ తుపాను ఓర్లాండో మీదికే రాదు. రద్దు చేసుకోగలిగే విమాన టికెట్లు, హోటల్ గదులు తీసుకోమని అబ్బాయికి చెప్పండి. ఆ కొంచెం అదనపు ఖర్చుకి గొణక్కండి.

దీపావళి తర్వాత అన్న కోడలి మాటలోనూ సగం నిజముంది. వాతావరణం అప్పుడు హాయిగా ఉంటుంది. కాకపోతే నవంబరు నాలుగో గురువారం థ్యాంక్స్‌గివింగ్, ఆ వారం కాలు పెట్టకూడదు. అది దాటాక డిసెంబరు మొదటి రెండు వారాలు ఏడాదిలోకెల్లా మంచి రోజుల్లో లెక్క: చల్లన, క్రిస్మస్ అలంకరణ, ఓ మోస్తరు జనం. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా మటుకు ఇసకేస్తే రాలదు. మీ ఆరు నెలల గడువు డిసెంబరుకి సరిపోతుందో లేదో లెక్కపెట్టుకోండి. మూడో తరగతి పిల్లకి ఆ వారం బడి ఎలా మాన్పిస్తారో అది కోడలి తలనొప్పి.

అక్టోబరు అనుకుంటే ఒక మెలిక ఉంది. హాలోవీన్ పార్టీ ఉన్న రోజుల్లో మ్యాజిక్ కింగ్‌డమ్‌లో మామూలు టికెట్ వాళ్లని సాయంత్రం ఆరింటికే పంపేస్తారు. రాత్రి బాణసంచా చూడటం కుదరదు. అదే కారణంగా పగలు జనం తక్కువగా ఉంటారు. తొందరగా అలిసిపోయే పెద్దవాళ్లకి ఆ రోజులే మేలని నా ఉద్దేశం. మీరు ఎక్కగలిగినవి కూడా చాలా ఉన్నాయి. ఇట్స్ ఏ స్మాల్ వరల్డ్ పడవ, ఏసీ హాల్లో కూర్చోబెట్టి చూపించే కారోసెల్ ఆఫ్ ప్రోగ్రెస్, ఇలాంటివి.

ఇంకో సంగతి. న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, ఒహాయో వైపు పార్కులు ప్రధానంగా వేసవివి. అవి చూడాలంటే జూన్, జూలైల్లోనే చూసేయండి. ఫ్లోరిడాలా ఏడాది పొడుగునా రోజూ తెరిచి ఉంటాయనుకుని నవంబరుకి వాయిదా వేస్తే మూసిన గేటు చూసి వస్తారు.

సందేహం: దుబాయ్‌లో పని చేస్తున్న. పిల్లల సెలవుల్ల, మే నెలల, ఇంటోళ్లను విజిట్ మీద పిలిపిస్తున్న. గా ఎండల పార్కులకు తీసుకపోవుడు అయ్యేపనేనా?
– ఒక తమ్ముడు, దుబాయ్ (సొంతూరు జగిత్యాల దగ్గర)

సమాధానం: అవుతుంది తమ్ముడూ. అక్కడి పెద్ద పార్కులు కొన్ని పైకప్పు కిందే ఉన్నాయి. దుబాయ్‌లో 2016లో తెరిచిన ఐఎంజీ వరల్డ్స్, అబుదాబి యాస్ ద్వీపంలో 2018 నాటి వార్నర్ బ్రదర్స్ వరల్డ్, రెండూ ఏసీలోనే. 2010లో వచ్చిన ఫెరారీ వరల్డ్ కూడా చాలావరకు లోపలే. గంటకి 240 కిలోమీటర్ల వేగంతో పోయే ఫార్ములా రోసా మాత్రం బయట ఎండలో తిరుగుతుంది. పైగా ఎమిరేట్స్‌లో బడులకి పెద్ద సెలవులు జూన్ చివర్లోనో జూలై మొదట్లోనో ఇస్తారు. మే నెలలో అక్కడి పిల్లలు బడిలో ఉంటారు, నీ పిల్లలు ఖాళీగా ఉంటారు. ఎండ పేరు చెప్పి భయపడే ఆ నెలే నీకు కలిసొచ్చే నెల.

చూసుకోవాల్సినవి రెండు. బక్రీద్ ఈ మధ్య ఏళ్లలో మే చివర, జూన్ మొదట్లో పడుతోంది. ఏటా దాదాపు పదకొండు రోజులు ముందుకి జరుగుతుంది కూడా. ఆ సెలవుల్లో వద్దు. రెండోది, 2022 నుంచి అక్కడ ప్రభుత్వ సెలవు శని ఆదివారాలకి మారింది, శుక్రవారం సగం రోజే పని. నీ సెలవు శుక్రవారమైతే పొద్దున్నే పోతే మంచిది, మధ్యాహ్నం దాటాక జనం పెరుగుతారు. గ్లోబల్ విలేజ్ చూపిస్తానని ఇంట్లో ముందే మాట ఇవ్వకు. అది చలికాలపు సంత, ఎండలు ముదిరితే మూసేస్తారు.

సందేహం: మే నెలలో సింగపూర్ ప్యాకేజీ తీసుకున్నాం. యూనివర్సల్ స్టూడియోస్‌కి ఏ తేదీ అడగమంటారు?
– ఒక ఉద్యోగిని, విశాఖపట్నం

సమాధానం: మే 6 తర్వాత, 25 లోపల, వారం మధ్యలో. మే మొదటి అయిదు రోజులు చైనాలో సెలవులు, అక్కడి నుంచి విమానాల కొద్దీ జనం దిగుతారు. నెలాఖరు నుంచి జూన్ అంతా సింగపూర్ బడులకే సెలవులు. భూమధ్యరేఖ పక్కనే ఉన్న ఊరు కనుక ఎండాకాలం, చలికాలం అని చూసే పని లేదు. నవంబరు నుంచి జనవరి దాకా కాస్త వాన ఎక్కువ, అంతే.

సందేహం: గత ఆగస్టులో ఒక పార్కుకి వెళితే చినుకు పడగానే రైడ్లన్నీ ఆపేశారు. చినుక్కే అంత భయమా? డబ్బు కూడా వాపసు ఇవ్వలేదు.
– ఒక ఇంజినీరింగ్ విద్యార్థి, హైదరాబాద్

సమాధానం: వాళ్ల భయం చినుక్కి కాదు, మెరుపుకి. ఊరి బయట ఖాళీ నేలలో అంత ఎత్తున ఇనుప కట్టడం ఉంటే పిడుగుకి అంతకన్నా సులువైన గురి ఏముంటుంది? నీకు మెరుపు కనపడకపోయినా దగ్గర్లో ఎక్కడో పడిందని తెలిస్తే ఆపేస్తారు. ఈదురుగాలికీ అంతే. పట్టా తడిస్తే బండి బ్రేకులు పట్టే తీరు మారుతుంది, అదొక కారణం. వేగంగా పోయే బండిలో మొహానికి తగిలే చినుకు సూదిలా గుచ్చుకుంటుంది కూడా. ఆపినవాళ్లని మెచ్చుకోవాలి. ఆపని పార్కు కనిపిస్తే నువ్వే బయటికి వచ్చేయ్.

డబ్బు సంగతి టికెట్ వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది, వానకి సాధారణంగా వాపసు ఉండదు. అందుకే జూలై, ఆగస్టుల్లో నెల ముందే బుక్ చేయకు. రెండు రోజుల ముందు వాతావరణ శాఖ సూచన చూసి కొను. రద్దీ లేని కాలం కనుక టికెట్ దొరక్కపోవడం ఉండదు. ఖాళీ రోజుల్లోనూ ఒక్కోసారి క్యూ ఎందుకుంటుందో తెలుసా? జనం తక్కువని రెండు బండ్లు నడిపే చోట ఒకటే నడుపుతారు, పెద్ద మరమ్మతులన్నీ అప్పుడే పెట్టుకుంటారు. నీకు ఫలానా రైడే ముఖ్యమనుకుంటే ముందు రోజు ఫోన్ చేసి అది నడుస్తోందో లేదో అడుగు.

సందేహం: ఈమధ్యే పెళ్లయింది. ఆషాఢమని మా ఆవిడ ఎల్బీనగర్‌లో పుట్టింట్లో ఉంది. ఓ రోజు ఇద్దరం పార్కుకి వెళ్లొస్తే తప్పా?
– ఒక కొత్త పెళ్లికొడుకు, వరంగల్

సమాధానం: శాస్త్రం సంగతి మీ ఇంటి సిద్ధాంతిగారిని అడగండి. గడపల గురించి ఏవో నియమాలున్నాయని విన్నాను గానీ, పార్కు గేటు ఎవరి గడపా కాదు. నా శాఖ వరకు చెప్పాలంటే ఆషాఢం దివ్యమైన మాసం: బడులు నడుస్తుంటాయి, మబ్బు ఉంటుంది. ఆదివారం మాత్రం వద్దు. గోల్కొండ, సికింద్రాబాద్, లాల్‌దర్వాజ, ఇలా ఒక్కో ఆదివారం ఒక్కో చోట బోనాలు, దారులు మళ్లిస్తారు. వారం మధ్యలో సెలవు పెట్టండి. మీరు వరంగల్ నుంచి ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ ఎక్కితే ఊళ్లోకి రాకుండా రావిర్యాల చేరొచ్చు. ఆవిడని ఎల్బీనగర్ నుంచి ఎవరు దింపుతారన్నది మీ బావమరిదితో తేల్చుకోండి. అతనికీ ఒక టికెట్ కొనాల్సి రావచ్చు.